బిగుసుకున్న పంపు

మా నాన్నగారు ఎలా పోయారన్నది ఇక్కడ చర్చించను. తన షెడ్డులో, తన కారు కింద, ఒంటరిగా పనిచేసుకుంటూ పోయారు. అంతకుమించి ఏమైనా ఉంటే అది మా కుటుంబానికి సంబంధించినది. నేను చెప్పదలచినది ఆయన పోయిన మరుసటి ఏడు, ఒక వానాకాలపు మధ్యాహ్నం, అదే షెడ్డులో జరిగిన సంగతి.

కారు పాతది. నాన్నగారి తరువాత ఎవరూ తీయలేదు. దాన్ని మళ్ళీ రోడ్డెక్కించాలన్న పట్టుదల మా తమ్ముడిది. వాడు బోర్డులు రాసే పెయింటరు. గీతలు కొట్టుకోకుండానే గోడ మీద వరస తప్పని అక్షరాలు రాయగల చెయ్యి వాడిది. వాడి ఇంటికి అన్నం పెట్టినదీ ఆ కుడిచెయ్యే. అచ్చు బోర్డులు వచ్చి పని దాదాపు ఎండిపోయిన రోజుల్లో, పొరుగూరి బడివాళ్ళు తమ గోడలన్నిటి మీదా చేతిరాతే కావాలని కబురు పెట్టారు. నిచ్చెనలూ రంగు డబ్బాలూ చేరవెయ్యాలంటే కారు కావాలి. ఇంజను బాగానే ఉంది. నీళ్ళ పంపు ఒక్కటే చెడిపోయి, రేడియేటరులో పోసిన నీళ్ళు పోసినట్టే కారిపోతున్నాయి. కొత్త పంపు తెచ్చి బల్ల మీద పెట్టుకున్నాడు. పాతది ఊడి రావాలి.

ఉదయం నుంచీ దానితోనే ఉన్నాం. రేడియేటరు తీశాం, ఫ్యాను తీశాం, బెల్టు తీశాం. పంపు బోల్టులు ఒక్కొక్కటే మూలుగుతూ బయటికి వచ్చాయి. తమ్ముడు ఒక అట్టముక్కకు చిల్లులు పెట్టి, ఏ బోల్టు ఏ చోటిదో ఆ వరసలోనే గుచ్చాడు. అది నాన్నగారి అలవాటు. బోల్టులన్నీ ఊడినా పంపు మాత్రం కదలలేదు. ఏళ్ళనాటి తుప్పూ, నీరు కారకుండా మధ్యలో వేసే ప్యాకింగు ఎండిపోయీ, రెండూ కలిసి దాన్ని ఇంజనుకు కరిపించేశాయి.

మరదలు టీ గ్లాసులు తెచ్చి గుమ్మంలో నిలబడి, "బావగారూ, మీరిద్దరూ దాన్ని ఊడదీసేలోపు ఆ బడిపిల్లలు పెద్దవాళ్ళై వాళ్ళ పిల్లల్ని చేర్పిస్తారు" అంది.

తమ్ముడు కారు కింద నుంచే, "నీ నోటికి ఏ తుప్పూ నిలవదు. ఒకసారి వచ్చి దీన్ని తిట్టిపో" అన్నాడు.

చేతులకు తొడుగులు వేసుకోమని చెప్పాను. వేళ్ళకు తెలియని పని తనకు చేతకాదన్నాడు. రెండోసారి చెప్పడం నా స్వభావం కాదు.

మా పద్ధతి ఒకటి చెప్పాలి. నేను వేరే ఊళ్ళో కళాశాలలో గణితం చెప్పి బతికేవాణ్ణే కాని, చిన్నతనంలో ఇద్దరమూ నాన్నగారి దగ్గర పని నేర్చినవాళ్ళం. పైనున్నవాడు సుత్తి పడతాడు, కిందనున్నవాడు సందులో దూర్చి పెకలించే లివరు పడతాడు. ఇంజను అడ్డం కనుక ఒకరికొకరు కనబడరు. అందుచేత ప్రతి దెబ్బకూ ముందు పైవాడు "కొట్టనా?" అని అడగాలి. కింది నుంచి జవాబు వచ్చాకే దెబ్బ పడాలి. కళ్ళు పనిమీద, చెవి మనిషిమీద అనేవారు నాన్నగారు. వంగి చూసినవాడికి మొట్టికాయ తప్పేది కాదు. చూడకుండా నమ్మడం మాకు అలా అలవాటైంది. తమ్ముడి జవాబు ఎప్పుడూ "కొట్టు" అనే. నాన్నగారు కింద ఉన్నప్పుడు మాత్రం "కానివ్వు" అనేవారు.

మధ్యాహ్నానికి వాన పట్టుకుంది. జల్లు లోపలికి కొడుతుంటే తలుపులు దగ్గరగా వేశాను. కాసేపటికి కరెంటు పోయింది. పైకప్పు రేకుల సందులోంచి వచ్చే బూడిదరంగు వెలుతురు తప్ప మరేమీ లేదు. తడిసిన ఇనుము వాసన, కిరసనాయిలు వాసన, వాటికింద ఇంజను లోపలి నిలవనీటి కుళ్ళు వాసన. రేకుల మీద వాన ఒకటే మోత. మధ్యమధ్య ఇంజను కడుపులో నీరు ఒక్కొక్క బొట్టే జారి ఎక్కడో లోతుగా పడుతున్న చప్పుడు. నీళ్ళన్నీ ఉదయమే వంపేశామని నాకు గుర్తుంది.

"కొట్టనా?"

"కొట్టు."

అలా ఎన్ని దెబ్బలు పడ్డాయో చెప్పలేను. చివరికి కిర్రుమని పంపు కొంచెం ముందుకు వచ్చింది. వెనుక వేలుపట్టేంత సందు తెరుచుకుంది. అలా కదిలినదాన్ని ఒకేసారి లాగకూడదు. ఒక దెబ్బ వెనక్కి, ఒక లాగుడు ముందుకు, తుప్పు వదిలేదాకా ఆడించాలి. కనుక తరువాతి దెబ్బ లోపలికి. ఇద్దరికీ తెలిసిన సంగతే.

సుత్తి ఎత్తాను. కింద లివరు నేలమీద పెట్టిన చప్పుడైంది.

"కొట్టనా?"

జవాబు రాలేదు. ఆగాను. మళ్ళీ అడిగాను.

"కానివ్వు..."

కొట్టాను.

తమ్ముడు అరవలేదు. ఊపిరి లోపలికి పీల్చుకున్న శబ్దం మాత్రం వినిపించింది, చన్నీళ్ళలో దిగినవాడిలా. జీవితంలో మొదటిసారి నేను వంగి చూశాను.

సందులో మిగిలిన ప్యాకింగు ముక్కలను తీయడానికి వేళ్ళు లోపల పెట్టి ఉన్నాడు. కుడిచేతి నాలుగు వేళ్ళూ. ఇప్పుడు అక్కడ సందు లేదు.

లివరు దూర్చడానికి చోటు దొరకలేదు. పంపును రెండు చేతులా పట్టి లాగాను. కదలలేదు. బోల్టులు బిగించి ఉన్నట్టు నిలబడింది. బల్ల మీదికి చూశాను... బోల్టులన్నీ అట్టముక్కలోనే ఉన్నాయి.

"నేను అనలేదన్నయ్యా" అన్నాడు తమ్ముడు. గొంతు లేదు, గాలి మాత్రమే ఉంది.

"తెలుసు."

"ఇటు నుంచి రాలేదు. లోపల్నించి వచ్చింది... పంపులోంచి."

పక్క నుంచి కొట్టి చూద్దామని సుత్తి అందుకున్నాను. అలవాటు ఎంత చెడ్డదో నాకు ఆ క్షణాన తెలిసింది. నోరు దానంతట అదే తెరుచుకుంది. తమ్ముడు ఎడమచేత్తో నా చొక్కా అంచు పట్టుకున్నాడు.

"మళ్ళీ అడగకు."

నేను అడగలేదు.

వాన ఒక్కసారిగా సన్నగిల్లింది. రేకులు నిశ్శబ్దమయ్యాయి. బొట్టు... బొట్టు. ఆ లోతులోంచి, తడిసిన గొంతుతో, ఓపిక నశించినవాడు పిల్లలను గదమాయించినట్టు...

"కానివ్వు."

మరదలు వచ్చి చూసి పెట్టిన కేకకు పక్కింటి వడ్రంగి, మరో ఇద్దరు వచ్చారు. పలుగులు వేశారు. ఒక పలుగు వంగింది, పంపు వదల్లేదు. చెయ్యి బయటికి ఎలా తీశారన్నది కూడా నేను చర్చించను. చెయ్యి వచ్చింది. వేళ్ళు రాలేదు.

బడి గోడలు వేరెవరో అచ్చు బోర్డులతో నింపారు. తమ్ముడు ఎడమచేత్తో సాధన చేశాడు. పలక పట్టిన మొదటినాటి పిల్లవాడి గీతల్లాంటివి తప్ప రాలేదు. కొన్నాళ్ళకు రంగు డబ్బాలు అమ్మేశారు. మరదలు నన్ను బావగారూ అని పిలవడం మానేసింది. ఆమెను తప్పుపట్టను. షెడ్డుకు తాళం వేసి, తాళంచెవి నా దగ్గరే ఉంచుకుని, ఉద్యోగం ఉన్న ఊరికి వచ్చేశాను. కారు అక్కడే ఉంది. పంపు దానికే ఉంది. దానిలో ఉన్నవీ ఉన్నాయి.

ఈ వానాకాలం మొదట్లో నాకు ఒక ఉత్తరం వచ్చింది. కవరు అంచున తుప్పునీటి మరక. పంపినవారి పేరు లేదు. ఉండనక్కరలేదు, ఆ రాత నాకు తెలుసు. గీత లేకపోయినా వరస తప్పని, నిండుగా తిరిగిన గుండ్రటి అక్షరాలు. తమ్ముడి కుడిచేతి రాత.

లోపల ఇంతే ఉంది:

"అన్నయ్యా, పంపు ఇంకా బిగిసే ఉంది. నేను కిందే ఉన్నాను. కానివ్వు."

నువ్వే రాశావా అని తమ్ముణ్ణి అడగవచ్చు. మళ్ళీ అడగకు అన్నాడు కనుక అడగలేదు. ఉత్తరానికి జవాబు రాయలేదు.