అద్దం దించమంటారా?

టేపులో బుల్లియ్య గొంతు: "నన్ను చంపేస్తావా?"

జవాబు, చాలా మెత్తగా: "ఆయ్."

తరవాత తుపాకీ చప్పుడు.

రాజమండ్రి సేఫ్ హౌస్‌లో చీఫ్ టేపు ఆపాడు.

"మొగల్తూరులో మన ఏజెంట్ బుల్లియ్యని చంపింది వీడే. కోడ్‌నేమ్ కొంగ. విదేశీ ముఠా మనిషి. నేవీ రాడార్ ప్లాన్ల సీడీ వాడి దగ్గరుంది. రేపు పదకొండు గంటలకి, రావులపాలెం దగ్గర సఫారీ పార్కులో చేతులు మారుతుంది. మండపేట రైసుమిల్లు ఓనర్నని చెప్పుకునే చంద్రరావు మీద అనుమానం. రుజువు లేదు. నువ్వు పార్కు డ్రైవర్‌వి. మురళీ, వాడు నాకు ప్రాణాలతో కావాలి."

మురళీకృష్ణ తలూపాడు. అబద్ధమాడడానికి నోరు అక్కర్లేదు.

గోదావరి జిల్లాల్లో 'అవునండి' అనడానికి వాడే ఆ 'ఆయ్' రోజుకి వందసార్లు వినబడుతుంది. టీ కొట్లో, బస్సులో, చర్చి మెట్ల మీద. ఈ టేపు మొదటిసారి విన్నప్పటినుంచి, మూడు నెలలుగా, ఆ మాట విన్న ప్రతిసారీ అతని లోపల ఎవరో ట్రిగ్గర్ మీద వేలు పెడుతున్నారు. ఆ ఎవరో తనేనని అతనికి తెలుసు.

మర్నాడు చంద్రరావు తెల్ల పంచెలో, వేళ్ళనిండా ఉంగరాలతో మురళి నడిపే పార్కు వ్యాన్ ఎక్కాడు. పక్కన హారతి. నల్ల కళ్ళద్దాలు, చేతులకి లావుపాటి బంగారు గాజులు. ముఠా కబుర్లు చీఫ్‌కి, చీఫ్ కబుర్లు ముఠాకి మోసే డబుల్ ఏజెంట్. చివరికి ఎవరి మనిషో మురళికి తెలియదు.

జీబ్రాలు కనిపించాయి.

"గాడిదలకి సున్నం కొట్టినట్టున్నారండి," అంది హారతి. చంద్రరావు నవ్వలేదు.

సింహాల గేటు వెనక మూసుకుంది. ఇక్కడ కారు దిగి వెంటపడేవాడుండడు. ఎదురొచ్చిన తెల్ల జీపు సరిగ్గా వ్యాన్ పక్కన ఆగింది. లోపల కెమెరాతో ఒక విదేశీయుడు.

"అద్దం దించమంటారా అండి?" అడిగాడు మురళి.

"ఆయ్," అన్నాడు చంద్రరావు.

అదే గొంతు. పైగా అది పెద్దవాళ్ళకి మర్యాదగా చెప్పే మాట. మిల్లు ఓనరు డ్రైవర్‌తో అనడు. ముఠా వాడికి మాట నేర్పింది, ఎవరితో అనాలో నేర్పలేదు.

అద్దం దిగింది. సీడీ పట్టుకున్న చంద్రరావు చెయ్యి బయటికి సాగింది. జీపులోంచి మరో చెయ్యి. మధ్య జానెడు దూరం.

మురళి స్విచ్ నొక్కాడు. అద్దం లేచి చంద్రరావు మోచేతిని బిగించింది. వేపచెట్టు నీడలో ఆడసింహం లేచింది. జీపు పరారైంది.

"అద్దం దించరా!"

సింహం పదడుగుల్లో ఉంది. ఆరడుగుల్లో ఉంది.

"మురళీ! ప్రాణాలతో అన్నారు చీఫ్!" హారతి అరిచింది.

"నన్ను చంపేస్తావా?" అన్నాడు చంద్రరావు, ఏడుపు గొంతుతో.

"ఆయ్," అన్నాడు మురళి.

తన గొంతు విని అతనే ఉలిక్కిపడ్డాడు. టేపులో గొంతు. అంతే మెత్తగా.

వేలు తనంతట తనే కదిలింది. అద్దం అంగుళం దిగింది. చెయ్యి సీడీతో సహా లోపలికొచ్చింది. అద్దం మళ్ళీ మూసుకున్న క్షణంలో సింహం పంజా దాని మీద పడింది. హారతి బంగారు గాజులు విప్పుకుని చంద్రరావు మణికట్లకి బిగించింది. క్లిక్. క్లిక్.

బయటి గేటు దగ్గర టికెట్లు చూసే లోవమ్మ వ్యాన్‌లోకి తొంగిచూసింది. చంద్రరావు పంచె తడిసి ఉంది.

"సారుకి సింహాలు దగ్గరగా కనబడ్డాయాండీ?"

"ఆయ్," అన్నాడు మురళీకృష్ణ.