నెలనెలా కట్టే సాఫ్ట్‌వేరు

మెట్లెక్కే చెప్పుల చప్పుడు విని, ఆ ఇంట్లో దేని మీద గొడవ జరగబోతోందో నేను చెప్పేయగలను. ఇంకా సంబంధమే కుదరని ఇంట్లో అత్తాకోడళ్ల పోరును కూడా ఒకసారి ముందే పసిగట్టాను. ఈ విద్యలో నన్ను మించినవాడు లేడు.

ఆ ఉదయం పక్క వాటాలోకి టైపక్క తమ్ముడు చకచకా ఎక్కి వచ్చాడు. వినగానే తేల్చేశాను. డబ్బు గొడవ, అక్క పిసినారితనం మీద.

టైపక్కది ఒంటరి కాపురం. భర్త పోయాక ముందు గదిలో కంప్యూటరు పెట్టుకుని వకీళ్లకు కాగితాలు టైపు చేస్తోంది, అందుకే అందరికీ టైపక్క. మా మధ్య గోడ పలచన. మీటల చప్పుడు నాకు రోజంతా వినిపిస్తుంది, మాటలు మాత్రం నెలకోసారే. ఆమె వాడే ఆఫీసు సాఫ్ట్‌వేరుకు నెలనెలా చందా కట్టాలి. అది తనకు చేతకాదని తమ్ముణ్ణి పిలిచేది. అతను వచ్చి ఏదో టకటకలాడించి, కాఫీ తాగి వెళ్లేవాడు.

"అక్కా, ఈసారి ఒకేసారి కట్టి కొనేద్దాం. ఇక శాశ్వతంగా నీదే."

"ఆ మాట అనకురా. వీలునామాల్లో శాశ్వతం, శాశ్వతం అని కొట్టీ కొట్టీ విసుగొచ్చింది. అయినా అలా కొన్నది పాతబడిపోతుంది. చందాదైతే కొత్తవి వస్తూ ఉంటాయి."

"కొత్తది వచ్చినప్పుడల్లా తెర మీది నా బొమ్మలన్నీ ఎక్కడ దాచారని నన్ను తిట్టేదెవరు?"

"అది వేరు."

"ఏం వేరు? నీకు కావాల్సింది అక్షరాలు కొట్టడం, అచ్చు తీయడం. దానికి నెలనెలా చందా ఎందుకే?"

"నా ఇష్టం."

అతని గొంతు పెరిగింది. "మొండిదానివి. నాకు బదిలీ అయిందక్కా. రైల్లో ఒక రాత్రి ప్రయాణం. ఇలా నెలనెలా రాలేను. నేను కట్టని నెల అది ఆగిపోతే నీ పనేం కాను?"

గోడ అవతల కుర్చీ కిర్రుమంది.

"ఆగదులే," అందామె మెల్లగా. "పోయిన నెల జ్వరమని నువ్వు రాలేదుగా. అయినా నడిచింది."

"అంటే, చందా దానంతటదే బ్యాంకులోంచి పోతోందని నీకు తెలుసా?"

"అప్పుడే తెలిసింది. నీకూ తెలుసా?"

"నేనే అలా పెట్టాను. మొదటి రోజే."

"మరి నెలనెలా వచ్చి ఏం కొట్టేవాడివిరా?"

"ఖాళీ కాగితం తెరిచి నా పేరు కొట్టేవాణ్ని. పక్కన నీ పేరు. తరవాత చెరిపేసేవాణ్ని. ఊరికే వచ్చానంటే నువ్వు నమ్మవుగా. ఏమైంది, మరదలితో గొడవా అని ప్రాణం తీస్తావు."

ఆమె నవ్వింది. నవ్వుతూనే ముక్కు ఎగబీల్చింది.

"నువ్వు కొనేద్దామంటే, ఇక రానంటున్నావని అనుకున్నానురా."

పిసినారితనమని తేల్చిన నా విద్య ఏ గంగలో కలిసిందో నన్నడక్కండి. ఆ చెప్పులు చెప్పింది ఒకటి, నేను విన్నది ఒకటి.

"కొనెయ్," అంది టైపక్క. "ఆ శాశ్వతమైనదే. నీ చేత నెలనెలా దొంగ టైపు చేయించలేను."

"మరి నన్నెప్పుడు రమ్మంటావు?"

"పనేమీ లేనప్పుడు."

"అలా రావడం నాకు అలవాటు లేదక్కా."

"నాకు మాత్రం ఉందా, ఊరికే రమ్మని పిలవడం? నేర్చుకుందాం."

ఆ మధ్యాహ్నం అతను భోజనానికి ఉండిపోయాడు. పక్క వాటాలో రెండు కంచాల చప్పుడైంది. వద్దు వద్దంటున్నా ఆమె వడ్డిస్తూనే ఉంది.

ఇందులో అంతా నిజమే, ఆ రెండో కంచం తప్ప. కొత్త సాఫ్ట్‌వేరు ఎక్కించగానే, సామాను సర్దుకోవాలంటూ అతను వెళ్లిపోయాడు. బియ్యం ఇంకా పొయ్యి మీదే ఉన్నాయి. ఆమె చాలాసేపు గుమ్మంలో నిలబడింది. తరవాత నాకు వినిపించింది ఒక్క కంచమే. రెండోది ఈ కథలో నేను వేశాను. ఊరికే.