మూడుసార్లు కడిగిన సీసా

సరస్సులో విషం కలిపింది పొరుగుదేశపు గూఢచారిణేనని ఊరంతా నమ్మింది. నిప్పు లేనిదే పొగ రాదుగా అని, నమ్మనివాళ్ళ నోళ్ళు కూడా మూయించింది.

ఏజెంట్ పదకొండుకు బ్రీఫింగ్ మూడు నిమిషాల్లో ముగిసింది.

"కోడ్ నేమ్ వానకోయిల." చీఫ్ ఫోటో ముందుకు జరిపాడు. ఎర్రటి రెయిన్‌కోటు, కవ్వించే నవ్వు. "డబుల్ ఏజెంట్. మన జీతమూ తింటుంది, వాళ్ళ జీతమూ తింటుంది. మూడేళ్ళ నిఘా లాగ్ చూశాం. ఆమె వచ్చిన ప్రతిసారీ చేపలు చచ్చి తేలాయి. ఈ సాయంత్రం రేవుకి వస్తుంది. ఎదురు గోడౌన్ మీద షూటర్ ఉంటాడు. ఆమె తప్పు లేదని తేల్చి నువ్వు మైకులో 'ఎండ' అంటే వదిలేస్తాడు. ఐదు కొట్టేలోగా ఆ మాట వినపడకపోతే కాల్చేస్తాడు."

"ప్రత్యక్ష సాక్షి ఎవరు సార్?"

చీఫ్ కళ్ళు దించుకున్నాడు. "మీ నాన్నగారే."

ఆ తండ్రి రేవు పక్కనున్న చేపపిల్లల కేంద్రంలో ముప్పై ఒక్క ఏళ్ళుగా కాపలాదారు. మీటర్ రీడర్ వేషంలో వచ్చిన కొడుకును చూసి ఆయన నవ్వబోయి మానుకున్నాడు.

"ఏం మీటర్రా చూస్తావు? పంపులు ఆపేసి రెండేళ్ళయింది."

సిమెంటు తొట్లు ఎండిపోయి ఉన్నాయి. చివరి ట్రేలో పొదగని గుడ్లు తెల్లగా పాలిపోయి, బూజు పట్టి ఉన్నాయి. పారెయ్యడానికి ఆయనకు చేతులు రాలేదు.

"నీళ్ళు చూడు, అద్దంలా ఉన్నాయి. నాచు కూడా బతకట్లేదు," అన్నాడాయన. "ఆమె సీసా వంచి పొయ్యడం కళ్ళారా చూశాన్రా. ఒకసారి కాదు, మూడుసార్లు. ఆమెకి శిక్ష పడితే నా ప్రాణం కుదుటపడుతుంది."

ఐదుకు నాలుగు నిమిషాల ముందు చినుకులు మొదలయ్యాయి. ఎర్ర రెయిన్‌కోటు రేవు మెట్లు దిగింది. ఆమె సీసా ముంచి, కుదిపి, పారబోసింది. మళ్ళీ ముంచి పారబోసింది. మూడోసారీ అంతే. నాలుగోసారి నిండుగా ముంచి, మూత బిగించి సంచిలో దాచుకుంది.

గట్టు మీదున్న పదకొండు ముందుకు వంగి చూశాడు. నమూనా తీసేముందు సీసాను అదే నీటితో మూడుసార్లు కడగాలన్నది ట్రైనింగ్ ల్యాబులో తనకు నేర్పిన మొదటి పాఠం. విషం పోయడానికి వచ్చినవాళ్ళు నీళ్ళు పట్టుకుపోరు.

"ఎండ," అన్నాడు మైకులో. గరగర తప్ప జవాబు లేదు. "ఎండ, ఎండ."

గడియారం మొదటి గంట కొట్టింది. అతడు పరుగెత్తి ఆమెకూ గోడౌన్‌కూ మధ్య నిలబడ్డాడు. తూటా చెవి పక్కనుంచి దూసుకెళ్ళి రేవు గుంజను చీల్చింది. అప్పుడు పలికింది ఇయర్‌ఫోన్: "ఎండ. అర్థమైంది."

ఆమె సంచిలోంచి పెన్ను తీసింది. అతడి చెయ్యి తుపాకీ మీదికి పోయింది.

"ఇది కాల్చదండీ, నీళ్ళ పులుపు కొలుస్తుంది," అంటూ దాని కొనను రేవు మీద వాన నీళ్ళు పట్టిన డబ్బాలో ముంచింది. అంకె వెలిగింది: 4.1. "శుభ్రమైన వానైతే ఐదున్నర చూపించాలి. ఒక్క అంకె తగ్గితే పులుపు పదింతలు. ఫ్యాక్టరీలు మండించే బొగ్గులో గంధకం కాలి పైకి పోతుంది, మబ్బుల్లో ఆమ్లమై దిగుతుంది. మట్టిలోని అల్యూమినియాన్ని కరిగించి సరస్సులోకి లాక్కొస్తుంది. అది మొప్పలకి పట్టి చేపకి ఊపిరాడదు."

"మీరు రెండు దేశాలకీ పనిచేస్తారట?"

"ఒకటే రిపోర్టు, రెండు కాపీలు. ఏ ఆఫీసులోనూ ఎవరూ తెరిచి చూడలేదు. నేనొచ్చేది వాన పడ్డప్పుడే కదా? మీ లాగ్‌లో నన్ను రాసుకున్నారు, వానని రాసుకోలేదు."

వెనక తండ్రి ఎప్పుడు వచ్చి నిలబడ్డాడో వారు గమనించలేదు. ఆయన చీలిన గుంజను చేత్తో తడిమాడు.

"నా మాట మీదేనా, ఈ అమ్మని..."

కొడుకు ఇయర్‌ఫోన్ పీకి జేబులో పెట్టుకున్నాడు.

"మరి ఎవరిని పట్టుకుంటార్రా?" ఆయన సరస్సు వైపు చెయ్యి చాపాడు. "ఎవరో ఒకరు ఉండాలి కదా. ఊరికే ఎట్లా పోతాయి అన్ని ప్రాణాలు?"

"సున్నం చల్లితే పులుపు విరిగి నీళ్ళు కొంత తేరుకుంటాయి పెద్దాయనా," అందామె మెల్లగా. "వాన మారేదాకా మళ్ళీ మళ్ళీ చల్లాలి."

ఆయన తల ఊపి లోపలికి నడిచాడు. కాసేపటికి ట్రేలోని గుడ్లను మట్టిలో పూడ్చుతున్న గడ్డపార చప్పుడు వినిపించింది.

మర్నాడు ఏజెంట్ పదకొండు ఇచ్చిన నివేదికలో రెండే వాక్యాలున్నాయి. సరస్సులో విషం ఎవరూ కలపలేదు. బొగ్గు పొగగొట్టాలు సరిహద్దుకు అటు రెండు, ఇటు మూడు.