నలభై రెండో పేజీ

బిల్డింగ్ ఇన్‌స్పెక్టర్ సోమవారం లిఫ్టులో శవమై దొరికాడు. మంగళవారం ఉదయానికి అతని ఐడీ కార్డు మీద ఉడుత ఫొటో ఉంది.

ఉడుత అన్నది గూఢచారి డిపార్ట్‌మెంట్ తన ఏజెంటుకి పెట్టిన పేరు. ఎంత చిన్న సందైనా సరే, దూరిపోతాడని.

"ఆ నాలుగంతస్తుల ఆఫీసు బిల్డింగ్‌కి ఇవాళే ఓపెనింగ్," అన్నాడు చీఫ్. "పదకొండింటికి హాల్లో మన ఇంజనీర్లు రెండొందల మంది కూర్చుంటారు. విదేశీ ముఠా ఏదో ప్లాన్ చేసింది. లోపల మన ఏజెంట్ ఉంది. 'ఉక్కగా ఉందే' అను. 'కిటికీలు తెరుచుకోవు' అంటుంది."

పదిన్నరకి బేస్‌మెంట్‌లో ఆ జవాబు ఒక ఆర్కిటెక్ట్ చెప్పింది. నల్ల కళ్ళద్దాలు, ఎర్రటి లిప్‌స్టిక్, చేతిలో లావుపాటి ఫైలు. సాక్షాత్తూ పెళ్ళాం చెల్లెలు!

"పెట్టుడు మీసం బాగా నప్పింది బావా," అందామె. "ఇది ఎనర్జీ ఎఫిషియెన్సీ రిపోర్టు. కరెంటు ఆదా, చల్లగాలి బయటికి పోకపోవడం, అన్నీ రూల్ ప్రకారమే అని రాశాను. చివర నీ సంతకం కావాలి."

"పెట్టకపోతే?"

"నేనిప్పుడు ముఠా మనిషిని బావా. పెట్టినా పెట్టకపోయినా పదకొండింటికి హాల్లోకి విషవాయువు వెళ్తుంది. బిల్డింగ్ పాసైందని ఇన్‌స్పెక్టర్ సంతకం ఉంటే ఏసీ యాక్సిడెంట్ అనుకుంటారు. పాతాయన మొండికేశాడు. నువ్వు పెట్టు, బతికిపోతావు."

"నీకు సైకిల్ నేర్పిన చెయ్యి ఇది. దీంతో ఆ సంతకం పెట్టలేను."

ఆమె ముఖం ఒక్క క్షణం వాడిపోయింది. "మనసు మారితే తలుపు తట్టు," అని ఫైలు అక్కడే పడేసి వెళ్ళింది. తాళం క్లిక్‌మంది.

కిటికీ లేదు. ఫోనుకి సిగ్నల్ లేదు. తలుపు చుట్టూ రబ్బరు పట్టీ. పైగా నిమిషం కదలకుండా ఆలోచిస్తే లైటు దానంతటదే ఆరిపోతోంది, కరెంటు ఆదా కోసం! చేతులు ఊపుకుంటూ ఆలోచించాల్సిన ఖర్మ పట్టింది. అంతలో పైన గ్రిల్‌లోంచి సుయ్‌మని గ్యాసు దిగడం మొదలైంది. ఉడుతకి నిజంగానే భయం వేసింది. తన కోసం కొంత, పైన కబుర్లు చెప్పుకుంటున్న ఆ రెండొందల మంది కోసం కొంత.

చావబోయే ముందు చదవడానికి అంతకన్నా చప్పటి పుస్తకం ఉండదు. అయినా ఫైలు తిరగేశాడు. నలభై రెండో పేజీ, గాలి లీకేజీ టెస్టు: 'ఈ పన్నెండంతస్తుల ఆస్పత్రిలో ఎక్కడా లీకేజీ లేదు.'

ఆస్పత్రా? పన్నెండంతస్తులా?

మరదలు ఎక్కడిదో పాత రిపోర్టుని మక్కీకి మక్కీ దించేసింది. చిన్నప్పుడు హోంవర్కూ అంతే, పక్కపిల్ల పేరుతో సహా రాసుకొచ్చేది. అంటే, ఈ గోడలకి అసలు టెస్టే జరగలేదు!

ఆ పేజీనే చింపి గోడ వారగా పట్టుకుని నడిచాడు. మూలన, పైపు దగ్గర కాగితం రెపరెపలాడింది. అక్కడ నోరు ఆనించి గుండెల నిండా గాలి పీల్చాడు. షూ మడమలోంచి స్క్రూడ్రైవర్ లాగి అక్కడి గోడ బోర్డు ఊడదీశాడు. వెనక పైపు చుట్టూ పూడ్చకుండా వదిలేసిన కంత. భుజాలు గీరుకుపోయినా పేరు నిలబెట్టుకున్నాడు.

అవతల ఫ్యాన్ రూమ్. గోడ గడియారంలో పదకొండుకి ఇంకా మూడు సెకన్లు. హాలు వైపు వెళ్ళే సిలిండర్ వాల్వుని మోటారు తిప్పబోతోంది. వైరు పట్టుకుని పెరికేశాడు. పైన హాల్లో ఎవరి ఉపన్యాసానికో చప్పట్లు మోగాయి.

బయటికొచ్చి చేసిన ఒక్క ఫోనుకి చీఫ్ మనుషులు దిగిపోయారు. బేడీలు వేస్తుంటే మరదలు అడిగింది.

"ఎలా బయటపడ్డావు బావా?"

"నీ కాపీ అలవాటు పోలేదమ్మా," అన్నాడు. ఇంటికెళ్ళి భార్యకి ఏం చెప్పాలో మాత్రం తెలియలేదు.

సాయంత్రం చీఫ్ ముందు కూర్చుని ఆ రిపోర్టు చివరి పేజీ నింపాడు. రిజల్టు: ఫెయిల్. రిమార్క్స్ దగ్గర కాసేపు ఆగి రాశాడు: బేస్‌మెంట్ గోడలో కంత ఉంది. అభ్యంతరం లేదు.