ఈ ఒక్క రొట్టె దింపి అస్త

పాడ్వా పొద్దున ఉమేశ్ తలంటు పోసుకొని వచ్చి పీట మీద కూర్చున్నాడు. దీపావళి మర్నాడు భార్య హారతి పట్టడం, భర్త ఆమెకు ఏదో ఒకటి కొనిపెట్టడం నాందేడ్‌లో ఇంటింటా ఉన్నదే. సారిక హారతి తిప్పి బొట్టు పెట్టింది.

"ఏం గావాలె చెప్పు. చీర తేవాల్నా?" అన్నాడు.

"చీర ఒద్దు. ఇయ్యాల నాతోని కూసోని తినుండ్రి."

ఉమేశ్ నవ్వాడు. "గదేం కోరిక? రోజు తింటలేనా? సరే తియ్, దుకాణం జల్ది బంద్ జేసి అస్త."

రోజూ తింటున్న మాట నిజమే. ఇరవై రెండేళ్లుగా ఆయన తింటున్నాడు, ఆమె వడ్డిస్తోంది. తప్పంతా ఆయనదే అంటే అన్యాయం. జొన్నరొట్టెకు మహా పొగరు. పెనం మీది నుంచి నేరుగా కంచంలో పడితేనే రొట్టె, కాసేపు ఆగితే అట్టముక్క. అందుకని తినేవాడు తింటున్నంతసేపూ చేసేది చేస్తూనే ఉండాలి. ఆమె కూర్చునేసరికి ఆయన చెయ్యి కడుక్కొని టీవీ ముందుంటాడు. పొయ్యి దగ్గర నుంచి సారికకు ఇన్నేళ్లూ కనిపించింది భర్త వీపే.

సాయంత్రం గుత్తివంకాయ వండింది, పచ్చిమిరప ఠేచా నూరింది, భక్ష్యాలు చేసింది. తలలో మల్లెలు పెట్టుకొని, బల్ల మీద రెండు కంచాలు ఎదురెదురుగా పెట్టింది. మధ్యలో చిన్న దీపం.

అత్తగారు రుక్మాబాయి చూడనే చూసింది. "రెండు కంచాలు ఏందే?"

"ఆయనకొకటి, నాకొకటి."

"యాభై ఏండ్లు ఈ ఇంట్ల రొట్టెలు చేసిన. ఒక్కనాడన్న మొగోళ్లతోని కూసున్ననా?"

"మీరు కూసోలేదని నేను సుత కూసోవద్దా అత్తమ్మా? ఆయనకు ఉప్పెంత గావాల్నో నాకెరుక. తింటుంటే మొకమెట్లుంటదో ఎరుకలేదు. ఒక్కపారి చూడాల్నని ఉంది."

అత్తగారితో ఇంత మాట ఎన్నడూ అనలేదు. రుక్మాబాయి మూతి ముడుచుకొని తన గదిలోకి పోయింది.

అన్న ప్రకారం ఉమేశ్ ఏడున్నరకే వచ్చాడు. రెండు కంచాలూ దీపమూ చూసి కొంచెం సిగ్గుపడ్డాడు కూడా. మొదటి రొట్టె పడగానే, "దా, కూసో" అన్నాడు.

"ఈ ఒక్క రొట్టె దింపి అస్త."

రెండో రొట్టెకూ అదే మాట, మూడోదానికీ అదే మాట. అడిగి మరీ తెచ్చుకున్న పండుగ కళ్ల ముందే అయిపోతోంది. అయినా చల్లారిన రొట్టె ఆయనకు పెట్టడానికి చెయ్యి రాదు. ఏడుపొచ్చింది సారికకు.

"జరుగు." వెనక రుక్మాబాయి నిలబడి ఉంది.

"మీకు మోకాళ్లు..."

"జరుగుమన్న గద."

రుక్మాబాయి పిండి ముద్ద తీసుకొని తట్టడం మొదలుపెట్టింది. ఆరేళ్లయింది ఆమె పొయ్యి ముట్టుకోక, భర్త దేవన్న పోయినప్పటి నుంచి.

"మీ మామ సుత ఓ పాడ్వానాడు పిలిచిండు," అంది తల ఎత్తకుండా. "దా రుక్మా, కూసో అన్నడు. ఈ ఒక్క రొట్టె దింపి అస్త అన్న. దింపి చూస్తే చెయ్యి కడుగుతుండు. మల్ల పిలువలే, నేను సుత అడగలే. మనిషే పోయిండు. పో, పోయి కూసో."

సారిక వెళ్లి భర్త ఎదురుగా కూర్చుంది. చూడాలనుకున్న ముఖాన్ని తీరిగ్గా చూసింది. ఆయన ఎడమ పక్కనే నములుతున్నాడు.

"కుడి పక్క నమలరేంది?"

"పన్ను గుంజుతది. రెండేండ్లయితుంది."

"నాకు చెప్పలేదేంది?"

"నువ్వెన్నడు కూసున్నవని?"

సారికకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఉమేశ్ భక్ష్యం తుంచి ఆమె కంచంలో పెట్టాడు.

రెండు ముద్దలు తిని ఆమె లేచింది. ఇంకో కంచం తెచ్చి బల్ల మీద పెట్టింది. "అత్తమ్మా, దాండ్రి."

"ఈ ఒక్క రొట్టె..." అనబోయి రుక్మాబాయి ఆగిపోయింది. సారిక పొయ్యి ఆర్పేసింది. పెనం మీద రొట్టె సగం కాలి అలాగే ఉండిపోయింది.

గోడవారగా ఉన్న కుర్చీ దేవన్నది. రుక్మాబాయి దాని పక్క కుర్చీలో కూర్చుంది. రొట్టె తుంచి, ఒకసారి అటు తిరిగి చూసి, తినడం మొదలుపెట్టింది.