కోడలు పుట్టింటికి, పదకొండింటికి

చీఫ్ టేబుల్ మీద ఒక కాగితం పెట్టి, దాని మీద పేపర్‌వెయిట్ పెట్టి, పేపర్‌వెయిట్ మీద చెయ్యి పెట్టాడు. అంటే వ్యవహారం సీరియస్.

"చదువు."

"చెయ్యి తీస్తే చదువుతాను సార్."

చెయ్యి తీశాడు. కాగితం మీద ఒకే ఒక్క వాక్యం: ‘శుక్రవారం పదకొండింటికి కోడలు పుట్టింటికి వెళ్తుంది.’

"నిన్న ఒక విదేశీ ముఠా ఫ్రీక్వెన్సీలో దొరికింది. మెటల్స్ ల్యాబ్ లోపలినుంచి వెళ్లిన మెసేజ్," అన్నాడు చీఫ్. "అక్కడొక సైంటిస్టు ఉంది. లోహాలు కలిపి ఒక పొడి చేసింది. స్పాంజి నీళ్లు పీల్చినట్టు అది హైడ్రోజన్‌ని పీల్చుకుంటుంది. లారీడు సిలిండర్లలో మోసే గ్యాసు చిన్న ట్యాంకులో పట్టేస్తుంది. పద్నాలుగేళ్ల కష్టం. శుక్రవారం పదకొండింటికి డెమో. పదిమంది పెద్ద ఆఫీసర్లు వస్తున్నారు."

"మరి కోడలు?"

"ఆ సైంటిస్టు సొంత కోడలే. అదే ల్యాబ్‌లో అసిస్టెంటు. అందరూ డెమోలో ఉండగా శాంపిల్‌తో ఉడాయిస్తుందన్నమాట."

"ఈ అర్థం ఎవరు చెప్పారు సార్?"

"మన మనిషే. ఆరు నెలలుగా అక్కడ సేఫ్టీ ఆఫీసర్ వేషంలో ఉంది. చూసిన ఐదు నిమిషాల్లో కోడ్ విప్పేసింది."

చీఫ్ ఎదురుగా కూర్చున్న ఈ ఏజెంటుకు డిపార్టుమెంటులో కోడ్ నేమ్ ‘అనుమానం’. పద్దెనిమిదేళ్ల సర్వీసులో వాసన చూడకుండా టీ తాగలేదు, కిందికి వంగి చూడకుండా కుర్చీలో కూర్చోలేదు. ఒక సంబంధం వస్తే అమ్మాయి వాళ్ల వీధిలో నాలుగు రోజులు కాపలా కాశాడని, అందుకే ఇంకా పెళ్లి కాలేదని తోటివాళ్లు చెప్పుకుంటారు. అతను కాదనడు. నాలుగు కాదు, ఆరు రోజులు.

మంగళవారం పొద్దున్నే ప్రెషర్ గేజ్‌లు సరిచూసే మెకానిక్‌గా ల్యాబ్‌లో అడుగుపెట్టాడు. నీలం ఓవరాల్, అతికించిన మీసం, పెన్నులో కెమెరా, రెంచి పిడిలో అద్దం. మెట్ల దగ్గర హైహీల్స్ టకటకలాడాయి. ఖరీదైన సెంటు వాసన ముందొచ్చి, మనిషి తర్వాత వచ్చింది. ఆవిడ నడిచొస్తుంటే స్టోర్‌కీపర్ లెక్కపెడుతున్న బోల్టులు మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టుకున్నాడు.

"గేజ్ ఎంత చూపిస్తోంది?" అంది.

"సున్నాకి కింద," అన్నాడు అతను. కోడ్ సరిపోయింది.

"మిమ్మల్ని పంపారంటే నాకు నిశ్చింత," అంది సేఫ్టీ మేడం గోళ్లు ఊదుకుంటూ. గోళ్లకు రంగులేని పాలిష్ తళతళలాడుతోంది. "ఆ కోడలి మీద నుంచి కన్ను తియ్యకండి. ల్యాబ్ సంగతి నేను చూసుకుంటాను."

కన్ను తియ్యలేదు. కోడలు ఎక్కడికి వెళ్తే అక్కడికి వెళ్లాడు. బుధవారం ఆమె ఒక కొత్త ట్రావెల్ బ్యాగు కొంది. గురువారం మెట్లకింద నిలబడి ఫోన్లో గుసగుసలాడింది: "రేపు పదిన్నర తర్వాత వస్తాను. రెడీగా ఉంచండి. అత్తయ్యకి మాత్రం తెలియకూడదు." ఇంకేం కావాలి? అయినా అతనికి మనసులో ఎక్కడో చిన్న ముల్లు. ఇంత తేలిగ్గా దొరికే గూఢచారిని అతను ఇంతవరకు చూడలేదు.

సైంటిస్టును చూస్తే జాలేసింది. యాభై దాటిన మనిషి. కళ్లజోడు కాడ విరిగితే టేపు చుట్టి పెట్టుకుంది. చదవాల్సినప్పుడల్లా కాగితాన్ని ముక్కు దగ్గరికి తెచ్చుకుంటుంది.

"మీ నోట్‌బుక్కులున్న బీరువా తాళం ఎవరి దగ్గరుంటుంది మేడం?" అని మాటల్లో పెట్టి అడిగాడు.

"నా దగ్గరొకటి, మా కోడలి దగ్గరొకటి. నేను పోయినా పని ఆగకూడదు కదా బాబూ."

రేపు ఈవిడకు పద్నాలుగేళ్ల పనీ పోతుంది, నమ్మిన మనిషీ పోతుంది. రెండోదే ఎక్కువ బాధ అనిపించింది.

శుక్రవారం. పది యాభై. కోడలు బ్యాగు భుజాన వేసుకుని గేటువైపు నడిచింది. సేఫ్టీ మేడం పరుగున వచ్చింది.

"వెళ్తోంది! పట్టుకోండి!"

అనుమానం టూల్‌బాక్సు అందుకుని వరండాలోకి ఉరికాడు. డెమో రూమ్ గుమ్మంలో సైంటిస్టు చెయ్యి అడ్డుపెట్టింది.

"గేజ్ అబ్బాయ్! ఒక్క క్షణం. ఆ ముల్లు ఎక్కడుందో చెప్పి వెళ్లు. నా కళ్లకు ఆనడం లేదు."

కసురుకుందామనుకున్నాడు. కానీ ఆవిడ మొహం చూసి లోపలికి వెళ్లాడు. బల్లమీద మరచెంబంత ట్యాంకు. ముల్లు సగానికి పడి ఉంది. ఇంకా పడుతోంది. ట్యాంకు మీద చెయ్యి వేశాడు. మంచుగడ్డ! పైన నీటి చుక్కలు కూడా పట్టాయి.

"ఇంత చల్లగా ఉందేంటి మేడం?"

"చల్లగా ఎందుకుంటుంది? కోడలు పుట్టింటికి వెళ్తే తప్ప!"

అనుమానం చెయ్యి ట్యాంకు మీదే ఆగిపోయింది.

"ఏమన్నారు?"

"అది మా ల్యాబ్ జోకు బాబూ. హైడ్రోజన్ అంటే కోడలు, లోహం అంటే అత్తిల్లు. కోడలు లోపలికొస్తే ఇల్లు వేడెక్కుతుంది. పుట్టింటికి వెళ్తే చల్లబడుతుంది. ఆ మాట పెట్టింది కూడా మా కోడలే."

"ఇది ఎవరెవరికి తెలుసు?"

"కొత్తగా ఎవరొచ్చినా మొదటిరోజే చెప్తాను. సేఫ్టీ మేడంకైతే రెండుసార్లు చెప్పాను, మొదటిసారి నవ్వలేదని."

అంటే మెసేజ్‌లో కోడలు మనిషి కాదు, గ్యాసు. మెసేజ్ పంపింది ఆవిడే. దాని అర్థం చెప్పమని చీఫ్ అడిగిందీ ఆవిడనే! ఆవిడ తీరుబడిగా అబద్ధం చెప్పి, ఒక అమాయకురాలి వెనక తనను మూడు రోజులు తిప్పింది.

రెంచి అద్దంలో ట్యాంకు వెనక్కి చూశాడు. వాల్వు తెరిచి ఉంది. సన్నటి గొట్టం ఒకటి కర్టెన్ వెనక నుంచి పైకి పోయింది. రంగూ వాసనా లేని గ్యాసు కప్పుకింద పోగవుతోంది. సీలింగ్‌లో గ్యాస్ అలారం మాత్రం కిక్కురుమనడం లేదు. దాని జాలీ కన్నాలు పూడిపోయి తళతళలాడుతోంది, రంగులేని గోళ్ల పాలిష్‌తో.

వాల్వు గట్టిగా బిగించాడు. "మేడం, కోడలు సగం వెళ్లిపోయింది!"

అప్పటికే వరండాలో బూట్ల చప్పుడు. ఆఫీసర్లు గుమ్మం దాకా వచ్చేశారు. మూల ప్రొజెక్టర్ ఆపరేటర్ గడియారం చూసుకుని స్విచ్ మీద వేలు పెట్టాడు. సరిగ్గా పదకొండింటికి వెయ్యమని సేఫ్టీ మేడం ఆర్డరు.

"ముట్టుకోకు!" అనుమానం వేసిన కేకకు మీసం ఒకవైపు ఊడి గడ్డం మీద వేలాడింది. అది చూసి ఆపరేటర్ కొయ్యబారిపోయాడు. వేలు స్విచ్ మీదే ఉంది, కానీ నొక్కలేదు. ఆ వేలు పదమూడుమంది ప్రాణాలు కాపాడిందని వాడికి తర్వాత చాలాసేపటికి గానీ తెలియలేదు.

"అందరూ బయటికి! ఏ స్విచ్ వెయ్యొద్దు, ఏ స్విచ్ తియ్యొద్దు!" అంది సైంటిస్టు. పైకిటికీలకు మేకులు కొట్టి ఉన్నాయి. అనుమానం రెంచి ఎత్తాడు.

"ఇనుము వద్దయ్యా! నిప్పురవ్వ లేస్తే అందరం పోతాం!"

రబ్బరు తొడుగుల కర్ర స్టూలు ఎత్తి విసిరాడు. అద్దాలు భళ్లుమన్నాయి. గాలి ఈడ్చి కొట్టింది.

పగిలిన కిటికీలోంచి గేటు కనిపించింది. సేఫ్టీ మేడం హీల్స్ చేతిలో పట్టుకుని కారువైపు పరుగెడుతోంది. ఎదురుగా, రోడ్డవతలి షాపుల నుంచి కోడలు తిరిగి వస్తోంది.

"ఆవిణ్ణి ఆపమ్మా!" అని అరిచాడు.

కోడలు ఎందుకని అడగలేదు. బ్యాగు గిర్రున తిప్పి ఒక్కటి ఇచ్చింది. సేఫ్టీ మేడం పూలకుండీల్లో కూలబడింది. చేతిసంచీలోంచి లిప్‌స్టిక్ దొర్లింది. అందులో ఎరుపు లేదు, నోట్‌బుక్ పేజీల ఫిల్ము ఉంది. సైంటిస్టు, ట్యాంకు, కాగితాలు అన్నీ పేలిపోతే ఈ లోహం తయారీ ఇక ఆ ముఠా ఒక్కదానికే తెలిసి ఉండేది.

కోడలు బ్యాగులోంచి రెండు పొట్లాలు తీసింది. ఒకటి కొత్త కళ్లజోడు. ఇంకోటి డెమోలో కట్టుకోమని అత్తయ్యకు కొన్న చీర. సైంటిస్టు కళ్లజోడు పెట్టుకుని ముందు కోడల్ని చూసింది. ఆమె చెయ్యి పట్టుకుని అలాగే నిలబడింది. తర్వాత అనుమానాన్ని చూసి నోరు తెరిచింది. "అయ్యో! మీసం అతికించుకున్నారా?"

"మూడు రోజులు నా వెనక తిరిగింది మీరేనా?" అంది కోడలు. "పెళ్లికి ముందు మా ఆయన కూడా ఇంతలా తిరగలేదు!"

అనుమానం తలవంచుకున్నాడు. "క్షమించమ్మా. పొరపాటు పడ్డాను."

ఫోన్లో చీఫ్ ఆత్రంగా అడిగాడు: "కోడలు వెళ్లిపోయిందా?"

"సగం వెళ్లింది సార్. మిగతా సగం అత్తింట్లోనే ఉంది. మన మనిషి మాత్రం పూర్తిగా వెళ్లిపోయింది, పోలీసు వ్యాన్లో."

కోడలు తన చేత్తో టీ తెచ్చిచ్చింది. అనుమానం అలవాటుగా కప్పును ముక్కు దగ్గరికి తీసుకెళ్లబోయాడు. ఆమె కళ్లు చిన్నవయ్యాయి. సిగ్గుపడి, పద్దెనిమిదేళ్లలో మొదటిసారి వాసన చూడకుండా ఒక్క గుక్కలో తాగేశాడు.

పాలు విరిగిపోయి ఉన్నాయి.