పైనుంచి కిందికి వెలిగిన కిటికీలు

పంతులమ్మ ఆఫీసులోకి అడుగుపెట్టేసరికి డిటెక్టివ్ టీ తాగుతోంది. ఆమె కప్పులోంచే అసిస్టెంటు ఓ గుక్క కాజేస్తున్నాడు. వాళ్ళిద్దరికీ పెళ్ళయి ఇంకా నెల తిరగలేదు. ఆఫీసు వేళల్లో తనను మేడమ్ అనే పిలవాలని, ఎవరి కప్పు వాళ్ళదేనని ఆమె పెట్టిన రెండు నిబంధనల్లో మొదటిది మాత్రమే అమలవుతోంది.

వచ్చినావిడ రిటైరైన బడి పంతులమ్మ. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"నేనున్న మేడలో మనుషులున్నారో లేరో మీరు చూసి చెప్పాలి. రేపు సాయంత్రం అక్కడ ఫ్లాట్ కొనడానికి సంతకం పెట్టాలి. పెట్టానంటే, పాత ఇల్లు అమ్మగా వచ్చిందంతా అందులోకి పోయినట్టే. నాకింక వేరే ఆధారం లేదు."

అసిస్టెంటు కప్పు కింద పెట్టేశాడు.

ఆమె నిలబడే చెప్పుకొచ్చింది. భర్త పోయాక పాత ఇంట్లో పలకరించే దిక్కు లేకుండా పోయింది. నలుగురి మధ్య ఫ్లాట్ కొనుక్కుందామనుకుంది. ఆ చుట్టుపక్కల ఆమెకు అందుబాటులో ఉన్నవి మూడు ఊళ్ళు: రేవు పట్నం, కాలేజీల పట్నం, మిల్లుల పట్నం. ఈ మూడింటినీ పోల్చి, ఇళ్ళ ధరలు ఎక్కడ పెరుగుతాయో చెప్పే సలహాదారు ఒకాయన ఏటా పుస్తకం వేస్తాడు. రేవు పట్నంలో ఇక కట్టడానికి జాగా లేదు, ధరలు ఇప్పటికే చుక్కల్లో ఉన్నాయి. కాలేజీల పట్నం సెలవులొస్తే సగం ఖాళీ. మిల్లుల పట్నంలో మాత్రం కట్టిన మేడ కట్టినట్టే నిండుతోంది, కొనాలంటే అక్కడే కొనాలని ఆయన రాశాడు. ఆమె ఆ మాట నమ్మి, ముందు జాగ్రత్తగా అక్కడ ఓ ఆరంతస్తుల మేడలో అద్దెకు దిగింది.

"రోజూ చీకటిపడే వేళకి కిటికీలు వెలుగుతాయమ్మా. ముందు పై అంతస్తు, తరవాత దాని కిందది, అలా దిగుతూ వస్తాయి. బాల్కనీల్లో బట్టలు ఆరేసుంటాయి. తలుపు కొడితే మాత్రం ఎవరూ తీయరు. మొదట్లో పొగరనుకున్నాను. ఇప్పుడు భయమేస్తోంది."

"ఎవరూ ఎదురుపడలేదా?"

"నాలుగో అంతస్తులో టైలరున్నాడు. దణ్ణం పెట్టి తలొంచుకుని పోతాడు. నోరు విప్పితే ముత్యాలేవో రాలిపోతాయన్నట్టు." అంతలోనే ఆమె గొంతు తగ్గింది. "నాకే మతి చలించిందంటాడు మా తమ్ముడు. ఒంటరిగా ఉండి ఉండి ఏవేవో ఊహించుకుంటున్నానట. నిజమేనేమో అనిపిస్తోంది."

"ఊహించుకునేవాళ్ళకి లేని మనుషులు కనపడతారు టీచరు గారూ. మీకు ఎవరూ కనపడటం లేదు. మీ మతికేం ఢోకా లేదు, పదండి," అని డిటెక్టివ్ సంచీ అందుకుంది.

బస్సులో పంతులమ్మ ముందు సీట్లో కళ్ళు మూసుకుంది. వెనక సీట్లో అసిస్టెంటు గుసగుసగా అన్నాడు. "మేడమ్, మిల్లుల పట్నంలో మన జీతాలకి కూడా రెండు గదుల ఇల్లొస్తుందట. సలహాదారు పుస్తకం నేనూ చదివాను."

"కిటికీలెన్ని?"

"రెండు."

"ఎండొచ్చేది నాది."

"రెండోది నాదా?"

"రెండోది బట్టలారేసుకోవడానికి."

మిల్లుల పట్నంలో రోడ్లు వెడల్పుగా, శుభ్రంగా ఉన్నాయి. వాటి మీద నడిచేవాళ్ళే తక్కువ. మేడ కింద పాలు, రొట్టె అని బోర్డున్న కొట్టు ఉంది. దాని షట్టరు తాళానికి తుప్పు పట్టింది. పక్కనే సేల్స్ ఆఫీసులోంచి మేనేజరు నవ్వు ముఖంతో ఎదురొచ్చాడు.

"కొత్త జంటలా ఉన్నారు. మీలాంటి వాళ్ళకోసమే అద్దె మళ్ళీ తగ్గించాం."

"మేడ నిండుతోందంటున్నారుగా, తగ్గించడమెందుకు?" అంది డిటెక్టివ్.

"పోటీ అండి, పోటీ. అమ్ముడైనవాటన్నిటిలో జనం ఉన్నారు, సాయంత్రం లైట్లు మీరే చూస్తారుగా. అమ్ముడవనివే చీకట్లో ఉంటాయి. వాటి తాళాలు నా దగ్గరే ఉన్నాయి, చూస్తారా?"

ఆమె చూడలేదు. మెట్లెక్కుతూ తలుపుల్ని మాత్రం చూసింది. కొన్ని తలుపుల హ్యాండిళ్ళకి ఫ్యాక్టరీ ప్లాస్టిక్ తొడుగు ఇంకా అలాగే ఉంది. కొన్నింటికి ఊడదీశారు. పంతులమ్మ బాల్కనీలో నిలబడితే పక్కింటి తీగ మీది చిన్నపిల్ల గౌను చేతికందేంత దగ్గరలో ఉంది. డిటెక్టివ్ దాని అంచు వేళ్ళతో తిప్పి చూసింది. తెల్ల దారంతో పొడుగాటి కచ్చా కుట్లు ఉన్నాయి.

"ఎంత ముద్దుగా ఉందో కదా," అన్నాడు అసిస్టెంటు.

"ఆఫీసు వేళ," అని గుర్తుచేసింది ఆమె. కానీ నవ్వింది.

చీకటిపడుతుండగా ముగ్గురూ ఎదురు పేవ్‌మెంటు మీద నిలబడ్డారు. ఆరో అంతస్తులో ఒక కిటికీ వెలిగింది. కాసేపటికి దాని పక్కది. ఆ తరవాత ఐదో అంతస్తు. రెండు కిటికీలు ఒకే క్షణంలో వెలగడం ఒక్కసారీ జరగలేదు. ప్రతి అంతస్తులో దీపాలున్నా దాంట్లోంచి ఒక మాట, ఒక దగ్గు, ఒక గిన్నె చప్పుడు వినపడలేదు. పంతులమ్మ కొంగు భుజం చుట్టూ కప్పుకుంది. అసిస్టెంటు ఆఫీసు వేళన్నది మర్చిపోయి భార్య చెయ్యి పట్టుకున్నాడు. ఆమె కూడా మర్చిపోయింది.

మర్నాడు సాయంత్రం సంతకాల వేళకి డిటెక్టివ్ అందరినీ సేల్స్ ఆఫీసులో కూర్చోబెట్టింది. పంతులమ్మ, మేనేజరు, నడుముకి తాళాల గుత్తితో టైలరు. మీ అంచనాలో తప్పుందని ఫోను చేస్తే సలహాదారు కారేసుకుని మరీ వచ్చాడు.

"నేను కుర్చీలో కూర్చుని రాసేవాణ్ణి కాదు," అన్నాడాయన వస్తూనే. "సాయంత్రాలు మూడు ఊళ్ళూ తిరిగి, ఏ మేడలో ఎన్ని కిటికీలు వెలిగాయో చూసి రాస్తాను. అమ్మేవాడు అబద్ధమాడచ్చు. దీపం ఆడదు."

"ఈసారి ఆడిందండి. మేడ నిండితే అద్దె తగ్గదు, కింద పాలకొట్టు మూతపడదు. కాబట్టి మేడ ఖాళీ. దీపాలు ఎవరో కావాలని వెలిగిస్తున్నారు. ముందు మేనేజరు గారినే అనుమానించాను."

"నన్నా?" మేనేజరు లేచాడు.

"కూర్చోండి. మీ దగ్గరున్నవి అమ్ముడవని ఇళ్ళ తాళాలు. ఆ తలుపులకి ప్లాస్టిక్ కూడా ఊడలేదు, అవి చీకట్లోనే ఉన్నాయి. వెలిగేవన్నీ ఎవరో కొన్న ఇళ్ళు. కొన్నవాళ్ళేమో ధర పెరుగుతుందని కొని, వేరే ఊళ్ళలో ఉండిపోయారు. పోతూ పోతూ తాళం ఎవరికిస్తారు? ఇక్కడ నిజంగా కాపురముండే మనిషికి."

టైలరు తలెత్తలేదు.

"కిటికీలు ఒక్కొక్కటిగా పైనుంచి కిందికి వెలుగుతాయి. ఎందుకంటే ఒక్క మనిషే మెట్లు దిగుతూ వెలిగిస్తున్నాడు. ఇక ఆ గౌను. పిల్ల తొడుక్కుని తిరిగితే కచ్చా కుట్టు మిగలదు. అది ఇంకా పూర్తికాని బట్ట. ఈ మేడలో అలాంటి బట్టలు ఎవరి దగ్గరుంటాయి?"

"మిల్లులో ఒక షిఫ్టు ఎత్తేశారండి," అన్నాడు టైలరు మెల్లగా. "చాలామంది ఊరొదిలిపోయారు. కుట్టడానికిచ్చిన బట్టలు నా దగ్గరే ఉండిపోయాయి. వాటినే బాల్కనీల్లో ఆరేశాను."

"అది సరే. పరాయి ఇళ్ళలో దీపాలెందుకు పెట్టావయ్యా?" సలహాదారు గొంతు చిన్నబోయింది.

"నేనూ మీ పుస్తకం చదివే కొన్నానండి. నాకు నా అన్నవాళ్ళు లేరు. మేడ నిండుతుంది, ఇరుగుపొరుగు ఉంటారనుకున్నాను. మొదట దిగింది నేనే. తరవాత ఎవరూ దిగలేదు. అప్పుడప్పుడు ఇళ్ళకి గాలి తగలనివ్వమని తాళాలిచ్చి పోయారు. ఓరోజు ఒకింట్లో లైటు ఆర్పడం మర్చిపోయాను. షాపు కట్టేసి వస్తుంటే కిటికీ వెలుగుతూ కనపడింది. మర్చిపోయింది నేనేనని తెలుసండి. అయినా ఎవరో ఉన్నట్టు ప్రాణం కుదుటపడింది. మర్నాడు కావాలనే వేశాను. కరెంటు నేనే కట్టుకుంటున్నాను."



"ఆ దీపాలు చూసి మీరు పుస్తకంలో మళ్ళీ ఈ ఊరికే మొదటి స్థానం ఇచ్చారు," అంది డిటెక్టివ్ సలహాదారుతో. "మీ మాట మీద ఇంకొందరు కొన్నారు. వాళ్ళూ తాళాలు ఈయనకే ఇచ్చారు. ఇంకొన్ని దీపాలు వెలిగాయి. మీరు మళ్ళీ రాశారు."

"కొత్త పుస్తకం అచ్చులో ఉంది." ఆయన నుదురు తుడుచుకున్నాడు. "ఆపించాలి. అయితే రేవు పట్నాన్ని ముందు పెట్టాలంటారా?"

"అది నాకు తెలీదు. ఈసారి కారు దిగి తలుపులు కొట్టి చూడండి. నా క్లయింటు నన్నడిగింది ఒకటే, ఈ మేడలో మనుషులున్నారా అని. ఒకరున్నారు."

పంతులమ్మ టైలరు వైపు తిరిగింది. "మరి నేను తలుపు కొట్టినప్పుడు తీయరేం?"

"పరాయివాళ్ళ ఇంట్లో ఉన్నానమ్మా. ఏ మొహం పెట్టుకుని తీయను?"

మేనేజరు కాగితాలు, పెన్ను ఆమె ముందుకు జరిపాడు. పెద్ద ఆశతో కాదు. ఆమె వాటిని వెనక్కి జరిపింది.

"కొనను. ఇల్లు అమ్మిన డబ్బు బ్యాంకులోనే ఉంటుంది. మా తమ్ముడికి నా మతి బానే ఉందని ఫోను చేసి చెబుతాను. ఇక్కడ అద్దెకుంటాను, అదీ ఈయన ఒప్పుకుంటేనే." టైలరు బిత్తరపోయి చూశాడు. "ఇంకెవరి ఇంట్లోనూ లైటు వెయ్యకూడదు."

"మేడంతా చీకటైపోతుందమ్మా."

"అవ్వనివ్వండి. వెలిగే కిటికీ వెనక మనిషున్నాడని నాకు నమ్మకం కుదరాలి."

"నాకా చీకటంటే భయమండి."

"నాకూ భయమే. భయమేస్తే వచ్చి తలుపు కొట్టండి, తీస్తాను."

టైలరు నడుముకున్న గుత్తి తీసి బల్ల మీద పెట్టాడు. అన్నీ ఒకేలాంటి కొత్త తాళంచెవులు. వాటిల్లోంచి తనది వేరుచేసుకోవడానికి ఆయనకి చాలాసేపు పట్టింది.